శివుడి పేరు చెప్పి ఒంటిని మాడ్చితే శివుడు సంతోషిస్తాడా?



కార్తీక సోమవారాల వీడియో పెట్టిన దగ్గర్నుంచి చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "ఉపవాసం ఎలా ఉండాలి? నీళ్ళు తాగొచ్చా? టీ తాగితే ఫలితం పోతుందా?" వీటికి జవాబు రాయడానికి కూర్చున్నాను కానీ, నాకు మాత్రం ఇంకో ప్రశ్న అడ్డం వచ్చింది. అది మా ఇంట్లో పుట్టిన ప్రశ్న. ముందు అది చెప్తాను.

రెండేళ్ళ క్రితం కార్తీక మాసం, మూడో సోమవారం. అమ్మకి షుగర్ ఉంది, పదేళ్ళుగా టాబ్లెట్ వాడుతోంది. అయినా కార్తీక సోమవారం అంటే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు, సాయంత్రం నక్షత్రం చూశాకే తినడం. పెళ్ళైన దగ్గర్నుంచి అదే అలవాటు. ఆ రోజు పొద్దున టాబ్లెట్ మాత్రం వేసుకుంది. "మందు మానేస్తే డాక్టరు తిడతాడు కదా" అని ఆవిడ లెక్క. తిండి లేదు, మందు మాత్రం పడింది.

నాలుగున్నర ప్రాంతంలో దేవుడి గదిలోంచి లింగాష్టకం వినబడుతోంది. ముప్ఫై ఏళ్ళుగా రోజూ చదివేదే. పుస్తకం అక్కర్లేదు, నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. ఆ రోజు రెండో శ్లోకం దగ్గర ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. ఏమైందా అని వెళ్ళి చూస్తే నుదుటి నిండా చెమటలు, చేతులు వణుకుతున్నాయి, నన్ను చూసి మా మావయ్య పేరు పెట్టి పిలిచింది. గ్లూకోమీటర్ పెట్టి చూస్తే 52.

గ్లాసులో మూడు చెంచాల చక్కెర కలిపి తెచ్చాను. నోరు గట్టిగా మూసుకుంది. "నక్షత్రం రాలేదురా" అంది. ఏం చెప్పినా తల అడ్డంగా ఊపుతోంది. అప్పుడు ఆ గ్లాసుని శివుడి పటం ముందు పెట్టి, ఒక బిల్వ దళం అందులో వేసి, "తీర్థం అమ్మా" అన్నాను. రెండు చేతులూ పట్టి, కళ్ళకద్దుకుని మొత్తం తాగేసింది.

పావుగంటలో తేరుకుంది. ఇంకో పావుగంటకి తనే అడిగింది. "ఒరేయ్, నాతో అబద్ధం చెప్పి నా వ్రతం చెడగొట్టావా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

శ్వేతకేతువు మరిచిపోయిన వేదం

మన ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఒక కథ ఉంది. ఉద్దాలక ఆరుణి అనే ఋషి కొడుకు శ్వేతకేతువు. పన్నెండేళ్ళు గురుకులంలో ఉండి, ఇరవై నాలుగేళ్ళ వయసులో వేదాలన్నీ నేర్చుకుని ఇంటికొచ్చాడు. కొంచెం గర్వం కూడా వెంట తెచ్చుకున్నాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే, డిగ్రీ పట్టా చేతిలో పట్టుకుని వచ్చిన కుర్రాడు.

మనసు అన్నం వల్ల ఏర్పడుతుందని తండ్రి చెప్పాడు. మనం తిన్నదాంట్లో స్థూలమైన భాగం మలంగా బయటికి పోతుంది, మధ్యస్థమైనది మాంసం అవుతుంది, అతి సూక్ష్మమైనది మనసు అవుతుంది. ఇది కొడుక్కి పూర్తిగా ఎక్కలేదు. అప్పుడు ఉద్దాలకుడు ఉపన్యాసం పొడిగించలేదు, ప్రయోగం పెట్టాడు. పదిహేను రోజులు అన్నం తినకు, నీళ్ళు మాత్రం కావలసినన్ని తాగు అన్నాడు. ఈ రెండో మాట గమనించండి. ప్రాణం నీటి మీద నిలుస్తుంది కాబట్టి నీళ్ళు మానొద్దని స్పష్టంగా చెప్పాడు.

పదహారో రోజు పిలిచి, ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమన్నాడు. శ్వేతకేతువుకి ఒక్కటీ గుర్తు రాలేదు. అప్పుడు తండ్రి ఒక పోలిక చెప్పాడు. పెద్ద మంటలో మిణుగురు పురుగంత నిప్పుకణిక మిగిలితే దానితో ఏం కాలుతుంది? వెళ్ళి తిను అన్నాడు. తిని వచ్చాక అడిగినవన్నీ చెప్పాడు.

ఈ కథ నేను చిన్నప్పటి నుంచీ విన్నాను. అర్థమైంది మాత్రం ఆ సోమవారం సాయంత్రం, అమ్మ లింగాష్టకం రెండో శ్లోకం దగ్గర ఆగినప్పుడు. నోటికొచ్చిన స్తోత్రం ఎక్కడికీ పోలేదు. దాన్ని పైకి తెచ్చే నిప్పు తగ్గిపోయింది. మనం దేవుణ్ణి తలుచుకునేది ఏ మనసుతో అయితే, ఆ మనసు అన్నం మీద నడుస్తోంది. దీన్ని మొదట చెప్పింది డాక్టర్లు కాదు, ఉపనిషత్తు.

ఉపవాసం రోజు లోపల ఏం జరుగుతుంది?

ఇప్పుడు అదే విషయం శరీరశాస్త్రం వైపు నుంచి చూద్దాం.

మీరు సోఫాలో పడుకుని ఏ పనీ చేయకపోయినా శరీరం ఖర్చు పెడుతూనే ఉంటుంది. గుండె రోజుకి దాదాపు లక్ష సార్లు కొట్టుకోవాలి. ఊపిరి ఆడాలి, ఒంటి వేడి నిలబడాలి, పాత కణాల స్థానంలో కొత్తవి రావాలి. మామూలుగా మనం ఒక రోజులో వాడే శక్తిలో 60 నుంచి 70 శాతం వరకు ఈ 'కూర్చుని తినే' ఖర్చే. జిమ్ములో కరిగించేది మిగిలిన దాంట్లో ఒక వాటా మాత్రమే.

మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతం. విశ్రాంతిలో ఉన్నప్పుడు అది తినేది దాదాపు 20 శాతం. మామూలు రోజుల్లో మెదడుకి రోజుకి సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ కావాలి. తమాషా ఏంటంటే, అంత తినే మెదడు తన దగ్గర దాదాపు ఏమీ దాచుకోదు. ఏ పూటకా పూట రక్తంలోంచి అందుకోవాల్సిందే.

మరి మనం తినని రోజు ఎవరు పెడతారు? లివర్ పెడుతుంది. పొద్దున తిన్న అన్నంలో మిగిలిన గ్లూకోజ్‌ని గ్లైకోజెన్ అనే రూపంలో సుమారు 100 గ్రాముల దాకా లివర్ దాచి పెడుతుంది. తిన్నప్పుడు ఇన్సులిన్ పెరిగి 'దాచు' అంటుంది. తినకపోతే ఇన్సులిన్ తగ్గి, గ్లూకగాన్ అనే ఇంకో హార్మోను పెరిగి 'తియ్యి' అంటుంది. ఇంట్లో అమ్మమ్మ బియ్యం డబ్బాలో చిల్లర దాచి, అవసరానికి తీసినట్టు. ఆ దాచిన సరుకు దాదాపు ఒక రోజుకి అయిపోవస్తుంది. ఈలోపే కొవ్వు కరగడం మొదలవుతుంది, లివర్ కొత్తగా గ్లూకోజ్ తయారు చేయడం కూడా మొదలుపెడుతుంది. ఉపవాసం ఇంకా పొడిగిస్తే కొవ్వులోంచి కీటోన్లు తయారవుతాయి, మెదడు మెల్లిగా వాటికి అలవాటు పడుతుంది. కానీ ఆ దారిలో కండ కూడా కొంత కరుగుతుంది. ఎందుకంటే కొత్త గ్లూకోజ్ తయారీకి ముడిసరుకులో కొంత భాగం కండలోని ప్రోటీన్ నుంచే రావాలి.

అంటే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక పగలు తినకపోతే ప్రమాదం ఏమీ లేదు. శరీరం దానికి సిద్ధంగానే ఉంటుంది. మన పెద్దలు ఏకాదశి, సోమవారం అని ఒక్క రోజు పెట్టినదాంట్లో ఆ లెక్క సరిపోయింది.

మరి అమ్మకి ఎందుకలా అయింది? కొన్ని రకాల షుగర్ టాబ్లెట్లు, మనం తిన్నామా లేదా అని చూడవు. ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటాయి. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నంతసేపు లివర్‌కి వెళ్ళే ఆర్డరు 'దాచు' అనే. లోపల సరుకు ఉంది, డబ్బాకి తాళం పడింది. కొవ్వు దారి కూడా మూసుకుపోతుంది. ఆవిడ చేస్తున్నది మన అమ్మమ్మలు చేసిన ఉపవాసమే, కానీ ఒంట్లో పరిస్థితి అమ్మమ్మలది కాదు. ఈ తేడా తెలియకపోవడమే ప్రమాదం.

ఇంధనం ఒక్కటే చాలదు

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. అమ్మకి క్లాసు పీకాను కానీ, అప్పటికే నేను అంతకంటే మెల్లిగా అదే పని చేస్తున్నాను.

అంతకు ముందు నాలుగేళ్ళ క్రితం ఒక మొక్కు పెట్టుకుని మాంసం, గుడ్డు మానేశాను. బాగుంది. తర్వాత ఎవరో ఫిట్‌నెస్ వీడియో చూసి పాలు, పెరుగు కూడా మానేశాను. బ్లాక్ కాఫీ, ఉప్మా, చారన్నం, మధ్యలో బిస్కెట్లు. కడుపు నిండుతోంది కదా అనుకున్నాను. కొన్నాళ్ళకి అరికాళ్ళలో చీమలు పాకినట్టు తిమ్మిర్లు. స్క్రిప్టులో రాసిన వాక్యం రికార్డింగ్‌కి వచ్చేసరికి మర్చిపోయేవాణ్ణి. వర్క్ ప్రెజర్ అనుకున్నాను. రక్త పరీక్షలో తేలింది, విటమిన్ బీ12 బాగా తక్కువ. ఇంజెక్షన్లు చేయించుకోవాల్సి వచ్చింది.

బీ12 రోజుకి మనకి కావలసింది రెండు మైక్రోగ్రాములకి కాస్త పైన. కంటికి కనపడని పరిమాణం. కానీ ఏ మొక్కా దాన్ని తయారు చేయలేదు, బ్యాక్టీరియా మాత్రమే చేస్తాయి. శాకాహారులకి అది పాలు, పెరుగు, మజ్జిగ దారిలో వస్తుంది. లివర్‌లో కొన్నేళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే తెలియదు. రక్తం తగ్గాక, నరాలు దెబ్బ తిన్నాక తెలుస్తుంది. మా తాతయ్య జీవితాంతం శాకాహారే. కానీ ఇంట్లో గేదె ఉండేది, మూడు పూటలా గడ్డపెరుగు. నేను ఆయన నియమం తీసుకుని, ఆయన పెరుగు వదిలేశాను.

నియమం తప్పు కాదు. నియమంలో సగమే పాటించడం తప్పు. అహింస కోసం పాలు కూడా వద్దనుకునే వాళ్ళని నేను గౌరవిస్తాను. వాళ్ళు బీ12 టాబ్లెట్టో, అది కలిపిన ఆహారమో తప్పనిసరిగా తీసుకోవాలి, అంతే.

బీ12 ఒక్కటే కాదు. మన హైదరాబాద్ తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌ఐఎన్ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. భారతీయులకి ఏది ఎంత కావాలో లెక్క చెప్పేది వాళ్ళే. వాళ్ళ లెక్కలో పెద్దవాళ్ళకి ప్రోటీన్, కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. ఇడ్లీ, చారన్నం, చిప్స్‌తో అది రాదు. మన పప్పన్నం మాత్రం చిన్నది కాదు. మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలు తొమ్మిది. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. ఐరన్ మగవాళ్ళకి రోజుకి 19 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకి 29. మరి మన ఇళ్ళల్లో వారానికి రెండు మూడు ఉపవాసాలు ఉండి, అందరూ తిన్నాక మిగిలింది తినేది ఎవరు? ఆడవాళ్ళే. ఎక్కువ కావలసిన వాళ్ళకే తక్కువ పడుతోంది. దాన్ని మనం 'మా అమ్మ భక్తి' అని గొప్పగా చెప్పుకుంటున్నాం. ఇది భక్తి ప్రశ్న ఒక్కటే కాదు, న్యాయం ప్రశ్న కూడా.

సన్యాసం కోరుకున్న శాస్త్రవేత్త

ఈ సందర్భంలో మన తెలుగువాడిని ఒకరిని తలుచుకోవాలి. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. కుర్రతనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలని ఆయన కోరిక. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టని జబ్బు అది. ఎదురుగా అన్నం ఉన్నా మనిషి క్షీణించిపోతాడు.

ఆయన అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని, తర్వాత ఏటీపీని వెలికితీశారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. ఏటీపీ అంటే కణంలో ఖర్చయ్యే చిల్లర నాణెం. మనం తిన్న అన్నమైనా, నెయ్యయినా, పప్పయినా చివరికి ఆ నాణెంగా మారితేనే వేలు కదిలేది, నాలుక మంత్రం పలికేది. తర్వాతి రోజుల్లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూ రోగులకి అది పనికొచ్చింది.

సన్యాసి అవుదామనుకున్న మనిషి, అన్నం ఒంటిలో ఎలా శక్తిగా మారుతుందో వెతుకుతూ జీవితం గడిపారు. ఆయన దారి తప్పారని నేను అనుకోను.

మరి కృష్ణుడు ఏమన్నాడు?

గీత పదిహేనో అధ్యాయంలో భగవంతుడు చెప్పిన మాట ఒకటుంది. ప్రాణుల దేహాల్లో వైశ్వానరుడనే అగ్నిగా ఉండి, నాలుగు రకాల అన్నాన్ని అరిగించేది తానేనని చెప్తాడు. మనలో చాలామంది ఇళ్ళల్లో భోజనానికి ముందు ఈ శ్లోకం చదువుతారు. చదివి ఊరుకుంటాం. దాని అర్థం ఆలోచిస్తే, కడుపులో ఆకలి అనేది దేవుడికి అడ్డుపడే శత్రువు కాదు. అది హోమగుండం.

ఆరో అధ్యాయంలో అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ కూడా యోగం కుదరదంటాడు. పదిహేడో అధ్యాయంలో ఇంకా గట్టిగా, శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో దంభంగా శరీరాన్ని హింసించేవాళ్ళు, లోపల ఉన్న తనని కూడా హింసిస్తున్నారని చెప్తాడు. అదే అధ్యాయంలో శరీరంతో చేసే తపస్సు ఏమిటో జాబితా ఉంది. దేవతలని, ద్విజులని, గురువులని, జ్ఞానులని పూజించడం, శుచి, నిజాయితీ, బ్రహ్మచర్యం, అహింస. మళ్ళీ ఒకసారి చూడండి. ఆ జాబితాలో అన్నం మానడం లేదు. అహింస ఉంది. ఆ అహింస మన ఒంటికి వర్తించదని ఎవరు చెప్పారు?

"అలాగైతే తపస్సు అంతా అబద్ధమా?"

ఈ ప్రశ్న మీకు రావాలి. రాకపోతే ఈ వ్యాసం బద్ధకస్తులకి సర్టిఫికెట్ అయిపోతుంది. పార్వతీదేవి ఆకులు కూడా తినడం మాని అపర్ణ అయింది కదా? ఆవిడది తప్పా?

కాదు. కోరికకి ప్రతిసారీ తలవంచే మనసుకి, ఒక్క రోజు 'ఆగు' అని చెప్పగలగడం చాలా పెద్ద బలం. ఫోన్ నొక్కగానే పావుగంటలో బిర్యానీ గుమ్మంలోకి వచ్చే కాలంలో, ఆకలి అంటే ఏమిటో తెలియడం కూడా ఒక విద్య. పక్కవాడి ఆకలి అర్థమయ్యేది అప్పుడే. ఉపవాసం అంటే దగ్గరగా ఉండటం అని మన పెద్దలు చెప్తారు. ఆ దగ్గరితనం కోసం తిండి పనిని కాస్త పక్కన పెట్టడం తపస్సే.

కానీ కాళిదాసు కుమారసంభవంలో ఏం రాశాడో చూడండి. తపస్సు చేస్తున్న పార్వతి దగ్గరికి శివుడే బ్రహ్మచారి వేషంలో వస్తాడు. కుశల ప్రశ్నల్లో ఒకటి, నీ శక్తికి తగ్గట్టే తపస్సు చేస్తున్నావా అని. ధర్మం చేయడానికి మొదటి పనిముట్టు శరీరమే అంటాడు. ఎవరి కోసం ఆవిడ ఒంటిని మాడ్చుకుందో, ఆయన అడిగిన మాట అది.

ఈ వ్యాసం పేరులో ఉన్న ప్రశ్నకి జవాబు నాకు అక్కడ దొరికింది. శివుడు ఎన్ని పూటలు మానావని లెక్క అడగడు. నీ శక్తి ఎంతో తెలుసుకున్నావా అని అడుగుతాడు. శక్తి తెలుసుకోకుండా చేసేది మొండితనం. శక్తి ఉండి కూడా చేయకపోవడం బద్ధకం. మధ్యలో ఉన్న సన్నని దారి ఎవరిది వాళ్ళే వెతుక్కోవాలి, నిజాయితీగా.

నేను నన్ను అడుగుకునే ప్రశ్నలు మూడే. ఈ రోజు ఆకలి నన్ను మెత్తబరుస్తోందా, ఇంట్లోవాళ్ళ మీద అరిచేలా చేస్తోందా? ఎవరూ చూడకపోయినా, స్టేటస్ పెట్టుకోకపోయినా ఉంటానా? డాక్టరు వద్దంటే మానగలనా? మూడోదే కష్టం. మానలేకపోతే నేను పూజిస్తున్నది దేవుణ్ణి కాదు, నా నియమాన్ని.

షుగర్, బీపీ మందులు వాడేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఉపవాసానికి ముందు డాక్టరుని అడగాలి. మందు డోసు సొంతంగా మార్చొద్దు, మానొద్దు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే చక్కెర నీళ్ళు ఇచ్చి, పావుగంటకి మళ్ళీ షుగర్ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మహాభారతంలో వ్రతాన్ని చెడగొట్టనివంటూ ఎనిమిదింటిని చెప్పారు. నీళ్ళు, పండ్లు, పాలతో పాటు మందు కూడా అందులో ఉంది. మన పెద్దలకి ఈ జ్ఞానం ఎప్పుడో ఉంది.

అమ్మకి ఇచ్చిన జవాబు

ఇవన్నీ చదివాక, ఒక రోజు వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని చెప్పాను. "అమ్మా, ఆ రోజు నేను అబద్ధం చెప్పానని ఇన్నాళ్ళూ బాధపడ్డాను. ఇప్పుడు అనిపించట్లేదు. నీ లోపల అరిగించే అగ్ని ఆయనే అయితే, ఆ చక్కెర నీళ్ళు ఆయనకే కదా వెళ్ళాయి. అది తీర్థమే."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. వంకాయలు తరుగుతూనే, "నీకు మాటలు బాగా వచ్చురా" అంది. ఒప్పుకుందో లేదో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు.

కానీ పోయిన కార్తీకంలో డాక్టరుని అడిగి వచ్చింది. సోమవారం పొద్దున పాలు, అరటిపండు, మధ్యాహ్నం ఉప్పు లేని పెసరపప్పు, మళ్ళీ పాలు. సాయంత్రం నక్షత్రం చూసి భోజనం. ఉప్పు మానడమే ఈసారి నా తపస్సు అంది. ఆ సాయంత్రం తులసి కోట దగ్గర దీపం పెట్టి లింగాష్టకం మొదలుపెట్టింది. నేను పక్క గదిలో రెండో శ్లోకం కోసం ఊపిరి బిగబట్టి విన్నాను. ఎక్కడా ఆగలేదు.

మీ ఇంట్లో ఎవరు ఎలా ఉపవాసం ఉంటారో, వాళ్ళు ఏం మందులు వాడుతున్నారో ఈ వారం ఒకసారి కూర్చుని అడగండి. వీడియో తర్వాత చూసినా ఫర్వాలేదు.

సర్వం శివార్పణం.